వదిన పెట్టని సంతకం

పన్నెండుగురు సైనికులు దూకిన మైదానంలో పదమూడు పారాచూట్లు ఎలా దిగాయి? ప్రత్యేక దళం వారి మ్యూజియంలో ‘మన మైలురాళ్ళు’ అనే బోర్డును యాభై ఏళ్ళుగా చదివినవారెవరూ దీనికి జవాబు చెప్పలేదు. మొదటి మైలురాయి కింద పన్నెండు పేర్లున్నాయి. పక్కనున్న ఫోటోలో, గడ్డి మీద పరచుకున్న పారాచూట్లు పదమూడు.

పదమూడవది మా వదినది. ఆమె ఆ దళంలో పారాచూట్లు మడతపెట్టే ఉద్యోగిని. మడిచినవారు చీటీ మీద సంతకం చేయాలి. అధికారి కోరితే, తాము మడిచినదాన్నే తగిలించుకొని దూకి చూపాలి. అదీ నియమం. ఆనాడు పన్నెండుగురు వీరులూ విమానం తలుపు దగ్గర మీనమేషాలు లెక్కిస్తుంటే, అధికారి అదే విమానంలో ఉన్న ఆమెను దూకమన్నాడు. దూకింది. ఆ తరువాత వారికి ధైర్యం వచ్చింది. చరిత్ర ఆ ధైర్యాన్ని మాత్రమే నమోదు చేసింది. తన పేరు చేర్చమని ఆమె పెట్టిన ప్రతి అర్జీకీ ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే వచ్చింది.

నిరుడు స్వర్ణోత్సవానికి దళపతి ఆనాటి రకం పారాచూట్‌తో దూకదలిచాడు. ఆ మడత తెలిసినది వదిన ఒక్కతే. డెబ్బై ఆరేళ్ళ మనిషి పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, తాళ్ళను వేళ్ళతో దువ్వి, రెండు గంటల్లో పని ముగించింది. నేను పక్కనే ఉన్నాను.

“అమ్మా, సంతకం మర్చిపోయారు,” అన్నాడు దళపతి.

“మర్చిపోలేదు బాబూ. మీ బోర్డు ప్రకారం నేనసలు ఇక్కడ లేనేలేను. లేని మనిషి సంతకం ఎలా పెడుతుంది?”

“మడత బాగానే ఉంది కదా?”

“నన్నడిగితే ఎలా? దూకి చూడు, నీకే తెలుస్తుంది.”

“నాతో వేళాకోళమా అమ్మా?”

“నీతో కాదు నాయనా, నీ బోర్డుతో. అక్కడ పేరు పడితే ఇక్కడ సంతకం పడుతుంది. లేదంటే విమానం మెట్ల మీంచి దిగు. అదీ దిగడమే.”

“వదినా, పాపం, అతనికి చెమటలు పడుతున్నాయి,” అన్నాను.

“పట్టనీ. ఆ పన్నెండుగురికీ పట్టాయి.”

సంతకం లేని పారాచూట్‌ను విమానం ఎక్కించరు. దళపతి పెయింటర్‌ను పిలిపించాడు. పేరు పడిందని కబురు వచ్చాక వదిన సంతకం చేసింది. అతడు క్షేమంగా దిగాడు, జనం చప్పట్లు కొట్టారు.

మరునాడు ఇద్దరం వెళ్ళి చూశాం. మొదట దూకిన మనిషి పేరు చిట్టచివర, చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. దాని ముందు నడుమెత్తు పూలకుండీ. నేను జరపబోతే కాపలాదారు అడ్డం వచ్చాడు.

“ఏదీ ముట్టుకోకూడదండీ.”

వదిన నవ్వింది. నేను నవ్వలేదు. పూలకుండీ చారిత్రక వస్తువు కాదు. మీరు వెళ్ళినప్పుడు దాన్ని పక్కకు జరపండి.