మైనస్ నూట ఇరవై ఎనిమిది రోజులు

ప్రోగ్రామరు కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, సెలవు దరఖాస్తు మూడోసారి పంపాడు. కంప్యూటరు మూడోసారీ కుదరదంది. బట్టతల, ముందుకు వంగిన మెడ, ఎవరు పిలిచినా తప్పు తనదేమోనన్నట్టు చూసే కళ్లు. ముప్పై నాలుగేళ్లుగా ఆఫీసులో ఒకే కిటికీ పక్కన కూర్చున్నాడు.

రేపు అక్కకి కంటి ఆపరేషన్. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. కట్టు విప్పగానే తమ్ముడి మొహమే కనబడాలని పట్టుబట్టింది. రెండు రోజులు దొరికితే చాలు.

సెలవులు చూసే ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

"మీకున్న సెలవులు మైనస్ నూట ఇరవై ఎనిమిదండీ. మీరే ఆఫీసుకి ఎదురివ్వాలి."

"జ్వరమొచ్చినా మానలేదు కదమ్మా నేను!"

"ఎవడు రాశాడండీ ఈ దిక్కుమాలిన ప్రోగ్రాము?"

అతను గొంతు సవరించుకున్నాడు. "నేనే."

మిగిలిన సెలవుల కోసం అప్పట్లో ఎనిమిది బిట్ల చిన్న గడి పెట్టాడు. అందులో నూట ఇరవై ఏడు దాకా పడుతుంది. ఇంకొకటి కలిపితే గడి పొంగి, అంకె ఒక్కసారిగా మైనస్ నూట ఇరవై ఎనిమిదికి పడిపోతుంది. అన్ని సెలవులు దాచుకునే పిచ్చివాడెవడుంటాడులే అనుకున్నాడు. మొన్న ఆదివారం వచ్చి పనిచేసినందుకు ఇంకో సెలవు జమైంది. పిచ్చివాడు దొరికాడు.

పెద్దసారుని అడిగి, మధ్యాహ్నం గడిని పదహారు బిట్లకు పెంచాడు. మళ్లీ అదే అంకె! పెద్ద గడిలోకి మారుతూ అది తన మైనస్ గుర్తును కూడా భద్రంగా వెంట తెచ్చుకుంది.

"ఇల్లు మారినా పీడ వదల్లేదా?" అంది ఆవిడ.

పొంగినప్పుడు పోయిన రెండు వందల యాభై ఆరూ తిరిగి కలిపాడు. నూట ఇరవై ఎనిమిది తేలింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"ఒరేయ్, వస్తున్నావా, ఆ డబ్బాతోనే కాపురమా?"

"వస్తున్నానే అక్కా."

"ఎన్నాళ్లుంటావు?"

అతను తెర మీది అంకె వంక చూశాడు. మేనకోడలి పెళ్లికి మూడు రోజులు. బావ పోయినప్పుడు అక్క ఉండమని బతిమాలిన వారం. అన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ వాడకుండా. దరఖాస్తులో రెండు చెరిపేసి నూట ఇరవై ఎనిమిది కొట్టాడు.

అతని రిటైర్‌మెంటుకు నాలుగు నెలలే ఉన్నాయన్న సంగతి ఆవిడకు మంజూరు చేశాక గాని తట్టలేదు.

"అయితే మీరింక..."

"బస్సు అయిదింటికమ్మా," అంటూ అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

సాయంత్రం ఆవిడ లైట్లు ఆర్పడానికి వచ్చింది. బల్ల కింద అతను ఆఫీసులో వేసుకునే రబ్బరు చెప్పులు, మడమల దగ్గర కాగితంలా అరిగి, పది వేళ్ల గుంటలతో, గోడ వైపు తిరిగి ఉన్నాయి.