పీలిక గుడ్డ

ఓడ రేవుకు చేరినా ఆ ఓడ పనివాడికి కాలు నిలవడం లేదు. అక్క ఇంటి ముందుగదే ఆమె కుట్టుపని దుకాణం. ఆ గదిలో కిటికీకీ గుమ్మానికీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు.

"ఒరేయ్, కాసేపు కూర్చోరా. నిన్ను చూస్తుంటే నా కుట్టు వంకరపోతోంది," అంది అక్క మిషన్ ఆపకుండా.

కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

నడిసముద్రంలో జరిగిన సంగతి అతన్ని వదలడం లేదు. మిట్టమధ్యాహ్నం ఓడ వంటాయన గిన్నెలు కడిగిన నీళ్లు పారబోయబోయి, ఓడ ఒక్కసారిగా ఒరిగేసరికి బకెట్‌తో సహా సముద్రంలో పడ్డాడు. చూసింది ఇతనొక్కడే. కేక వేశాడు. ఓడ తిరిగి వచ్చేదాకా వేలెత్తి ఆ మనిషినే చూపిస్తూ ఉండమనీ, చూపు తిప్పొద్దనీ కెప్టెన్ చెప్పాడు. కళ్లు మండిపోతున్నా రెప్ప వేయకుండా చూపించాడు. ఇంతలో పెద్ద అల లేచింది. అది దిగేసరికి అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఇతని వేలు మాత్రం అలాగే నిలిచి ఉంది.

వంటాయనకు భూమ్మీద ఇంకా నూకలుండబట్టి, బోర్లించిన బకెట్‌ను కరుచుకుని తేలుతూ సాయంత్రానికి దొరికాడు. దుప్పటి కప్పితే దానిలో వణుకుతూ అన్నాడు: "ఓడ నా పక్కనుంచే రెండుసార్లు పోయిందిరా అబ్బాయ్. నువ్వు నాకు కనిపిస్తూనే ఉన్నావ్. నేనే నీకు కనపళ్లేదు."

ఎవరూ ఇతన్ని తప్పు పట్టలేదు. అదే ఇతనికి ఇంకా కష్టంగా ఉంది. ఓడలో అందరికీ ముదురు నీలం బట్టలే. మరక పడితే కనపడదని ఆ రంగు. మరకే కాదు, నీళ్లలో పడితే మనిషీ కనపడడు.

"అక్కా, కళ్లు జిగేల్‌మనే రంగులో ఓ కోటు కుట్టిపెట్టవే," అన్నాడు చివరికి.

రోడ్డు పనివాళ్ల కోట్ల కోసం తెచ్చిన నారింజరంగు గుడ్డ ఆమె దగ్గరుంది. కుట్టింది. రేవులో మోటారు పడవ నడిపే బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గట్టుమీద అన్నీ మెరుస్తాయి. నీళ్లలో చూడాలి. నేను దిగుతాలే."

"అసలే చెవిపోటు మనిషివి!" అంటూ అక్క కోటు కుట్టగా మిగిలిన పీలికను ఆయన చెవులు మూసేలా తలకు బిగించి కట్టింది.

"పంటినొప్పి ముసలమ్మలా ఉన్నావు బావా."

"దిగేదాకే ముసలమ్మనిరా. దిగాక మొసలిని!"

లోపల తేలే జాకెట్, పైన కోటు తొడుక్కుని బావ నీళ్లలోకి దూకాడు. అక్కను ఎక్కించుకుని ఇతను పడవను దూరంగా తీసుకుపోయి వెనక్కి తిప్పాడు. ఆలోగా గాలి హోరెత్తింది. నారింజ కోటు కోసం వెతికాడు. ఎటు చూసినా తెల్లటి నురగే. మెరవాల్సిన కోటు మచ్చుకైనా లేదు.

"ఏడిరా మీ బావ?"

"అక్కడే... అక్కడే ఉండాలక్కా."

పడవను ఓ చుట్టు తిప్పాడు. మళ్లీ అదే జరుగుతోంది. అక్క పడవలో లేచి నిలబడి, ఉన్నట్టుండి అతని చొక్కా పట్టి గుంజింది.

"అదిగో! నా పీలిక!"

అల మీద అగ్గిపుల్ల మంటంత చుక్క. అటే పడవను ఉరికించాడు.

పైకి లాగాక బావ దగ్గుతూనే నవ్వాడు. "ఏంట్రా, నా చుట్టూ ప్రదక్షిణాలా?"

అక్క నవ్వలేదు. ఏడుస్తూ ఇద్దరినీ ఉతికి ఆరేసింది. కోపం దిగాక, నీళ్లు కారుతున్న కోటును తడిమి చూసింది. "ఇదంతా నీళ్లకిందే ఉందిరా. పైన ఉన్నది తలకాయొక్కటే. రంగు ఉండాల్సింది తలకి."

ఇంటికి రాగానే మిషన్ ముందు కూర్చుంది. కాలర్‌లో మడిచి దాచుకుని, అవసరమైనప్పుడు తలమీదికి లాక్కునే ముసుగు కుట్టింది. దానికి టార్చి వెలుగు పడితే మెరిసే పట్టీ కూడా వేసింది.

ఓడలో అది తొడుక్కుని నిలబడితే, "ఏరా కోడిపుంజూ, కూస్తావా?" అని ఇంజను మేస్త్రి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. కెప్టెన్ మాత్రం నవ్వలేదు. ఒకదానికి ముసుగు తొడిగి, ఇంకోదాన్ని ఉత్తతలతో వదిలి, మనిషంత ఉండి నీళ్లలో తేలే రెండు బొమ్మల్ని సముద్రంలో వేయించాడు. అందరినీ ఓడ అంచున కమ్మీల దగ్గర నిలబెట్టాడు. ఓడ కాస్త దూరం జరగ్గానే ఉత్తతల మాయమైంది. ముసుగు మాత్రం అల లేచినప్పుడల్లా తేలుతూ, చాలా దూరందాకా కనిపిస్తూనే ఉంది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నా సైజుది ఉందా?"

తరువాతి ప్రయాణానికల్లా అక్క అందరికీ కుట్టి పంపింది. వంటాయన మాత్రం మళ్లీ ఓడ ఎక్కలేదు, రేవు క్యాంటీన్‌లోనే పనికి కుదిరాడు. కాలర్‌లో ముసుగు ఉందో లేదోనని ఇతను అందరి మొహాలకంటే మెడలే ఎక్కువ చూస్తాడని తోటివాళ్లు ఆటపట్టిస్తుంటారు. చూస్తాడు మరి. ఎవరు కమ్మీ మీద వంగినా లేచి అటే వెళ్తాడు. అన్నం కూడా నిలబడే తింటాడు. కాకపోతే, పడుకుంటే ఇప్పుడు నిద్ర పడుతోంది.