మిగిలిన పోగు

బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుని అమర్‌నాథ్ పాత పోగు కొస ఒకటి, కొత్త పోగు కొస ఒకటి దగ్గరికి చేర్చాడు. రెండింటినీ కలిపి నలిపి, మెలితిప్పి, వెనక్కి మడిచి మళ్లీ నలిపాడు. ముడి వేయలేదు, జిగురు పెట్టలేదు. అయినా లాగితే ఊడి రాదు. వేళ్లు అప్పుడే తర్వాతి పోగు దగ్గరికి వెళ్లిపోయాయి. చిప్పలో బూడిద సగానికి వచ్చింది. ఇంకా మూడువేల పైచిలుకు పోగులు ఉన్నాయి.

"ఏమప్పా అమరా, కండ్లు మూసుకోని అతుకుతాండావే?" అంది పుట్టమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"కండ్లతో ఏం పనక్కా, వేళ్లు సూసుకుంటాయి."

నిజానికి అతని కళ్లు నిద్రతో మూతలు పడుతున్నాయి. పెనుకొండ దగ్గర కార్ల కంపెనీకి సామాన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో రాత్రంతా నేల తుడిచి, ఆరింటికి డ్యూటీ దిగి, బస్సు పట్టుకుని ధర్మవరం వచ్చాడు. ఇంటికి వెళ్లకుండా నేరుగా చీరలు నేసే పుట్టమ్మ ఇంటికే వచ్చి ఆమె మగ్గం వెనక బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఇవాళ ఆదివారం, అతనికి వారాంతపు సెలవు. సెలవంటే కాంట్రాక్టరుకు చెయ్యని పని ఇంకొకరికి చెయ్యడమని అతను అర్థం చేసుకుని ఆర్నెల్లయింది.

నేత ఇళ్లల్లో మూడు చీరలు దిగి, నిలువు పోగుల పడుగు అయిపోవస్తుంటే చివరి మూరెడు నెయ్యకుండా వదిలేస్తారు. ఆ మూరెడూ అచ్చులోనే ఉంటుంది. అచ్చంటే దువ్వెనలాంటి పన్నె, దాని వెనక విళ్లనే దారపు ఉచ్చులు, రెండూ కలిపి. పడుగులో ఉన్న నాలుగువేల ఎనిమిదివందల పోగులూ ఒక్కొక్కటిగా ఆ విళ్లలో దూరి, పన్నె సందుల్లోంచి బయటికి వస్తాయి. కొత్త పడుగును పాత మూరెడుకు పోగు పోగునా అతికి ముందుకు లాగితే మగ్గం మళ్లీ నిండుతుంది. అతకడం వచ్చిన చేతికి ఒక పూట పని. ఆ మూరెడూ లేదనుకోండి, ప్రతి పోగునూ కొత్తగా దూర్చుకుంటూ రావాలి. ఇద్దరు కూర్చుంటే పది రోజులు పడుతుంది. ఆ ఇద్దరూ దొరకాలి కదా. దూర్చడం తెలిసినవాళ్లలో ఒకడు బెంగళూరులో వాచ్‌మన్, ఇంకొకడు గోరంట్ల బస్టాండులో టీ కాస్తున్నాడు.

అమర్‌నాథ్ ఇంట్లో మగ్గం మీద వంకాయరంగు మూరెడు పదకొండు నెలలుగా అలాగే ఉంది.

ఆ మగ్గాన్ని వాళ్ల నాయన గుంట తవ్వించి నిలబెట్టింది అతను పదో తరగతి తప్పిన ఏడాది. దూర్చేవాళ్లను పిలిపించి, పది రోజులు వాళ్లకు అన్నాలు పెట్టి మొదటి పడుగు ఎక్కించాడు. అప్పటినుంచి ఒక్క రోజు కూడా ఆ అచ్చు ఖాళీ కాలేదు. నాయన పోయిన పన్నెండు రోజులూ మగ్గం చప్పుడు ఆగింది గాని పోగులు పన్నెలోనే ఉన్నాయి. ఆకుపచ్చకు ఎరుపు, ఎరుపుకు పసుపు, పసుపుకు నెమలికంఠం, ఒకదాని కొస పట్టుకుని ఒకటి ముప్పై ఏళ్లు నడిచాయి.

తర్వాత పట్టు ధర పెరిగింది, చీర ధర పెరగలేదు. ముడిపట్టు ఇచ్చే షావుకారు "కొన్నాళ్లు ఆగప్పా" అన్నాడు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు, ఇతనూ మొహమాటానికి అడగలేదు. ఆ కొన్నాళ్లు గడవడానికే పై పనులు మొదలయ్యాయి. పొద్దున్నే రైలెక్కి హిందూపురం వెళ్లి మండీలో బెల్లం దిమ్మెలు మోశాడు. అక్కడే మిరపకాయల బస్తాలకు మారితే దగ్గు పట్టుకుంది. పెళ్లిళ్లలో వడ్డనకు వెళ్లాడు. ఒకసారి తను నేసిన చీర కట్టుకున్న పెళ్లికూతురికి తెల్ల టోపీ పెట్టుకుని తనే పాయసం వడ్డించాడు. అంచులో హంసల వరస చూసి గుర్తుపట్టాడు. చెబితే నవ్వుతారని చెప్పలేదు. చివరికి ఈ తుడిచే ఉద్యోగం దొరికింది. పై పని అనుకున్నది అసలు పనై కూర్చుంది, అసలు పని పై పనిగా కూడా మిగల్లేదు. ఇరుగుపొరుగు పడుగులు అతకడమే మిగిలింది.

ఫ్యాక్టరీలో పొడుగాటి నేల తుడుస్తూ ప్రతి రాత్రీ అతను అనుకునేది ఒక్కటే. షావుకారు ఒక్క పడుగు ఇస్తే చాలు. ఒక పూటలో అతికేసుకుంటాను, మర్నాడే కాళ్లు మగ్గం గుంటలో పెట్టి కూర్చుంటాను. ఈ తుడుపు గుడ్డ సూపర్‌వైజర్ మహేష్ చేతిలోనే పెట్టి వస్తాను.

మగ్గం ఉన్న ముందు గదిని అద్దెకిద్దామని భార్య సుకన్య రెండు నెలలుగా చెబుతూనే ఉంది. ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన ఒడిశా వాళ్లు గదులు దొరక్క వీధి వీధీ తిరుగుతున్నారు. ఆమె మాటలో తప్పేమీ లేదు. చీరలకు కుచ్చులు అల్లి అల్లి ఆమె మెడ పట్టేసింది, ఇంటిపన్ను కట్టి రెండేళ్లయింది. చివరికి అతను ఒప్పుకున్నాడు. మగ్గం టేకు కట్టెలకు హిందూపురం నుంచి హజరత్‌వలి అనే కలప వ్యాపారి వస్తానన్నాడు. కట్టెలు పోతే పోనీ. అచ్చును మాత్రం పోగులతో సహా కదలకుండా దించి, పాత పంచెలో చుట్టి అటక మీద దాచుకోవాలి. అచ్చు ఉంటే ఏ నాలుగు కర్రలకు కట్టుకున్నా మగ్గమే. అందుకు ఓపిగ్గా రెండు గంటలు పడుతుంది, ఒక్క కొస జారినా పక్కవి వెంటబడతాయి. హజరత్‌వలిని అయిదింటికి రమ్మన్నాడు. రెండింటికల్లా ఇక్కడ ముగించుకుని ఇల్లు చేరాలని లెక్క.

"నేను వచ్చేదాకా అచ్చు ముట్టుకోనీయొద్దు" అని సుకన్యకు పొద్దున బస్సులోంచే ఫోన్లో రెండుసార్లు చెప్పాడు.

తర్వాత ఆ ఫోను మోగకుండా చేసి, చొక్కా జేబులో పడేసి, చొక్కాను పుట్టమ్మ వంటింటి తలుపుకు తగిలించాడు. సెలవు రోజున మహేష్ నుంచి ఫోను రాకుండా ఉండదు. ఎవరో రాలేదంటాడు, ఒక్క షిఫ్టుకు రమ్మంటాడు. ఎత్తితే కాదనడానికి అమర్‌నాథ్‌కు నోరు రాదు, ఎత్తకుండా ఉండడం ఒక్కటే అతనికి తెలిసిన తిరుగుబాటు.

ఒంటిగంటన్నరకు చివరి పోగుల దగ్గరికి వచ్చాడు. పుట్టమ్మ సంకటి ముద్ద పెట్టి పిలిచింది. "అయిపాయె, నాలుగు పోగులు" అంటూ అతికాడు. పాత పడుగు వైపు పోగులన్నీ అయిపోయాయి. కొత్త పడుగు వైపు ఒక్క పోగు మిగిలింది.

గులాబీ రంగు పోగు, వెంట్రుకంత సన్నం. దాన్ని వేలికి చుట్టుకుని కాసేపు అలాగే చూశాడు. ఎక్కడో నిద్రమత్తులో పాత పోగులు రెండింటిని ఒకటనుకుని కలిపి అతికేశాడు. ముప్పై ఏళ్లలో ఇలా జరగలేదు.

"తెంపి పారెయ్యప్పా" అంది పుట్టమ్మ. "నాలుగువేల్లో ఒకటి ఎవురికి కనపడుతుంది?"

"మూడు చీరల పొడుగునా గీత పడుతుందక్కా."

"పడనీలే. నువ్వు ఇంటికి పోవల్ల అంటివి కదా."

అవును, పోవాలి. గోడ గడియారం వైపు చూశాడు. పుట్టమ్మ ఒక కంటికి పొర వచ్చింది, గీత పడినా ఆమెకు కనపడదు. మూడు చీరలూ నేసి, మోసుకుపోయి షావుకారు ముందు పరిచాక ఆయన గీతను వేలితో చూపిస్తాడు. అప్పుడామె ఏమీ అనలేక కూలిలో కోత కోయించుకుని వస్తుంది. అమర్‌నాథ్‌ను మాత్రం ఒక్క మాట కూడా అనదు. అదే అతన్ని లేవనివ్వలేదు. మిగిలిన పోగును ఆ చివరనుంచి ఈడ్చుకొచ్చి తప్పిన చోట కలిపే వీలూ లేదు, పక్క పోగులన్నిటినీ కోసేస్తుంది. తప్పు వెతకాలి, అక్కడినుంచి చివరిదాకా విప్పాలి, మళ్లీ అతకాలి.

సంకటి ముద్ద మీద మూత పెట్టి వచ్చి కూర్చున్నాడు. ఈసారి కళ్లు నిజంగానే మూసుకుని, వేళ్లతో అతుకులు తడుముకుంటూ వెనక్కి వెళ్లాడు. ఎనిమిదివందల పోగుల అవతల వేలికింద ఒక అతుకు కొంచెం లావుగా తగిలింది. తను ఎక్కడ నిద్రపోయాడో అతనికి అప్పుడు తెలిసింది. విప్పాడు. మళ్లీ బూడిద అద్దుకున్నాడు.

నాలుగూ ఇరవైకి చివరి పాత పోగుకు చివరి కొత్త పోగు దొరికింది. సమానంగా. పుట్టమ్మ ముందు నిలబడి పడుగును నెమ్మదిగా లాగుతుంటే, అతను వెనక నుంచి అతుకులు తెగకుండా చేత్తో తోస్తూ పంపాడు. గులాబీ రంగు పన్నె దాటి ఇవతలికి వచ్చింది. అంత అలసటలోనూ అతనికి సంతోషమేసింది. ఇంకా అరగంట ఉంది. హజరత్‌వలిని ఒక గంట కూర్చోమని బతిమాలితే సరిపోతుంది. చొక్కా తొడుక్కుని వీధిలోకి వచ్చాక గాని ఫోను తీయలేదు. మహేష్ నుంచి రెండు పిలుపులు. సుకన్య నుంచి పదకొండు.

ఆమెకు తిరిగి ఫోను చెయ్యలేదు. నడక కాస్తా పరుగైంది.

ముందు గది ఖాళీగా ఉంది. అంత పెద్ద గదని అతను ఎన్నడూ అనుకోలేదు. మగ్గం నిలబడిన నాలుగు చోట్లా నేల తెల్లగా ఉంది. మధ్యలో కాళ్లు పెట్టుకునే గుంట, దాని అంచున అతని బూడిద చిప్ప. గోడవారగా పన్నె ఆనించి ఉంది. దాని పళ్ల సందుల్లోంచి వెనక గోడ సున్నం కనిపించింది.

సుకన్య గుంటలో కాళ్లు పెట్టుకుని అతని చోటులోనే కూర్చుని ఉంది. ఒడినిండా వంకాయరంగు పోగులు.

"రెండుకే వచ్చినాడు" అంది తల ఎత్తకుండా. "ఆటో ఆయప్పది కాదంట, నాలుగుకల్లా ఈడ్నించి బయలుదేరల్లంట. పాపం గంటన్నర కూచున్నాడు, టీ తాగినాడు. నీకు చేస్తాంటే నువ్వు ఎత్తవు. పుట్టమ్మక్క ఇల్లు ఆయప్పకు తెలీదు, నేను మనుషుల్ని ఇడిసి యాడికి రాను? ఆఖర్న తీసుకపోండని నేనే అంటి. అచ్చు మెల్లగా దించండన్నా అని చెప్పినా. కూలోడు పట్టుకుని గుంజినాడు. అన్నీ జారిపాయె."

అతను కోపం రావాలని చూశాడు, ఎవరి మీదకు రావాలో తెలియలేదు. హజరత్‌వలి మంచివాడే. సుకన్య తప్పేమీ లేదు. పుట్టమ్మ తెంపి పారెయ్యమనే చెప్పింది. పరాయి పడుగులో ఒక్క పోగు కోసం మూడు గంటలు కూర్చున్నది తను, ఫోను నోరు నొక్కింది తను. నాయన కట్టించిన అచ్చు ఖాళీ అయింది. అది తన చేతుల్లో ఖాళీ అయి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదేమో.

సుకన్య పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆమె పోగులను పదేసి పదేసి తీసి కొసలు ముడివేస్తోంది. నేతగాళ్లు కొసలు చెదరకుండా వేసే ముడే. పన్నెలోంచి జారిన పోగులకు ఆ ముడి ఎందుకూ కొరగాదని అతనికి తెలుసు. నేతింట పుట్టి నేతింటికి వచ్చింది, ఆమెకూ తెలుసు. అయినా వేస్తూనే ఉంది. అతనూ ఒక గుప్పెడు అందుకున్నాడు.

ఫోను వణికింది. ఈసారి ఎత్తాడు.

"పొద్దున ఫస్టు షిఫ్టుకు మనిషి లేడు అమర్‌నాథ్. వస్తాండావా లేదా?" అన్నాడు మహేష్. "వచ్చే నెల నుంచి ఆదివారాలు కూడా ఉండాల్సి వస్తాది. ముందే చెప్తాండా."

గుంటలోకి చూస్తూ అమర్‌నాథ్ వస్తానన్నాడు. ఆదివారాలు కూడా వస్తానన్నాడు. తుడుపు గుడ్డ మహేష్ చేతిలో పెట్టే రోజు ఇక లేదని, ఆ మాట అంటున్నప్పుడే అతనికి లోపల గట్టిగా తెలిసింది.

చీకటి పడకముందే అద్దెకు దిగే ఒడిశా వాళ్లు ఇద్దరూ బ్యాగులతో, ఒక కుక్కరుతో వచ్చారు. అమర్‌నాథ్ గుంట మీద పలకలు పరిచి, కదలకుండా చూసి, వాళ్లు నడిచేందుకు దారి చేశాడు. చిప్పను తియ్యడం మరిచాడు, అది పలకల కిందే ఉండిపోయింది. వాళ్లలో పెద్దవాడు చొక్కా విప్పి గోడకున్న మేకు వైపు చెయ్యి చాపాడు. ఆ మేకుకు సుకన్య ఏదో తగిలించింది.

"అది వద్దప్పా" అన్నాడు అమర్‌నాథ్ గబగబా. భాష అర్థం కాక అతను ఆగిపోయాడు. "నీకు ఈడ ఇంకోటి కొడతా" అంటూ అమర్‌నాథ్ సుత్తి కోసం లోపలికి వెళ్లాడు.

మేకుకు వంకాయరంగు పోగుల కట్ట వేలాడుతోంది, కొసలు పదేసి పదేసి ముడివేసి, అతకడానికి సిద్ధంగా.