స్టైన్‌వాగ్‌లో కాగితం మీద ఎగిరిన విమానం

ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని చిన్న ఊరు స్టైన్‌వాగ్ విమానాశ్రయంలో విమానం ఎంత ఆలస్యమో తెలుసుకోవడానికి ఎవరూ తెర వైపు చూడరు. తోర్దిస్ వైపు చూస్తారు. వేచి ఉన్నవాళ్ళకి తీపి వాఫిల్ అట్లు వేసే పెనం ఆమె ప్లగ్గులో పెట్టిందంటే గంట ఆలస్యం. రెండోసారి పిండి కలిపిందంటే ఇంటికెళ్ళి పడుకోవచ్చు. పంతొమ్మిదేళ్ళుగా టికెట్లు చూసేదీ, పెట్టెలు తూచేదీ, ఆఖరి సంతకం చేసి విమానాన్ని సాగనంపేదీ ఆమే కనక ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఆ జనవరి రోజు పన్నెండింటికల్లా ఆమె రెండోసారి పిండి కలిపింది. కలుపుతూ ఉండగా ఇవాళ తనూ ప్రయాణికురాలేనన్న సంగతి గుర్తొచ్చి గరిటె కింద పెట్టేసింది.

కిర్కెనెస్ ఆసుపత్రిలో కూతురు సున్నివాకు తెల్లారుజామున నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. బిడ్డ తండ్రి చేపల పడవ మీద ఎక్కడో సముద్రంలో ఉన్నాడు. ఫోన్ చేసిన సున్నివా రమ్మనలేదు. "ఎలాగూ రాలేవులే అమ్మా, చెబుదామని చేశానంతే" అంది. తిట్టినా బాగుండేది.

పదహారో ఏట చదువుకని కిర్కెనెస్ వెళ్ళింది ఆ పిల్ల. స్కూల్లో నాటకం వేసిన రోజూ, అపెండిక్స్ ఆపరేషన్ రోజూ, నర్సు పట్టా అందుకున్న రోజూ తల్లి ఫోన్ చేసి ఒకటే పాట పాడింది. మంచు పడుతోందమ్మా, కంప్యూటర్ పాడైందమ్మా, నేను కదిలితే విమానాన్ని పంపేవాళ్ళు లేరమ్మా. అన్నీ నిజాలే. నిజాలైనంత మాత్రాన పిల్లకి తల్లి కనబడదు కదా.

ఈసారి తోర్దిస్ వారం ముందే సెలవు పెట్టింది. తన బదులు పని చూడటానికి పక్క ఊరి నుంచి రోయ్ రావాలి. రోయ్ కొండకి అవతలి వైపు, దారి మూసేసిన గేటు దగ్గర, కారులో కూర్చుని ఉన్నాడు. శీతాకాలంలో ఆ కొండ దాటాలంటే మంచు తోసే బండి ముందు నడవాలి, దాని వెనక కార్లు వరసగా పోవాలి. ఆ బండే పొద్దుటి నుంచి కదల్లేదు.

"ఎప్పుడు తీస్తారట?" అని ఫోన్‌లో అడిగింది తోర్దిస్.

"గాలి తగ్గాకట."

"ఎప్పుడు తగ్గుతుందట?"

"గేటు తీశాకనుకుంటా" అన్నాడు రోయ్. "నా దగ్గర బిస్కెట్లున్నాయిలే, నా గురించి బెంగపడకు."

బెంగ ఆమెకి రోయ్ గురించి కాదు.

ఇక కంప్యూటర్. దక్షిణాన కంపెనీ పెద్ద ఆఫీసులో, మంచు వల్ల మార్చాల్సిన ప్రయాణాలు లెక్కకు మించేసరికి అది మొరాయించి కూర్చుందట. ఈ దేశంలో చలికాలం మంచు కురుస్తుందని దానికెవరూ చెప్పినట్టు లేదు. చచ్చే ముందు తెర మీద ఒక మాట చూపించింది, ఇవాళ్టి విమానం కిర్కెనెస్‌లో క్షేమంగా దిగిపోయిందని. అలా దిగిపోయిన విమానం పన్నెండున్నరకి స్టైన్‌వాగ్ మీద రెండు చుట్లు తిరిగి, ఊగుతూ వచ్చి రన్‌వే మీద వాలింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. వాతావరణం కాస్త తెరిపిచ్చింది గానీ కంప్యూటర్ ఇవ్వలేదు. తోర్దిస్ బీరువా అడుగు నుంచి చేతిరాత పత్రాల కట్ట తీసి దుమ్ము దులిపింది. బరువులు రాసి, కూడి, అర్హత ఉన్నవాళ్ళు సంతకం పెడితే విమానం కాగితం మీదే బయల్దేరవచ్చు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతుంది: కంప్యూటర్ తిరిగి పనిచేసిన క్షణం నుంచి ఈ పత్రం చెల్లదు.

కెప్టెన్ స్వెర్రె బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. "రన్‌వే అద్దంలా ఉంది తోర్దిస్. ఇక్కడ ఎక్కే మనుషులూ సామానూ కలిపి ఏడువందల కిలోలు. కిలో ఎక్కువైనా ఎక్కించను. అరగంటలో ఇంకో మంచుగాలి వస్తోంది, ఆలోగా లేవాలి."

తోర్దిస్‌తో కలిపి ఎనిమిది మంది ఉన్నారు. పెట్టెలు తూచే కాటా మీదే మనుషుల్నీ ఒక్కొక్కర్ని నిలబెట్టారు. చేపల ఫ్యాక్టరీ గున్‌వోర్ కాటా ముల్లు చూసి కంగారుపడింది.

"నా బూట్లే ఆరు కిలోలుంటాయి."

"ఉంటాయి మరి, లోపల నువ్వున్నావుగా" అన్నాడు వెనకున్న హిల్మార్.

హిల్మార్‌కి ఎనభై ఒకటి. తోర్దిస్‌కి ముందు ఆ బల్ల వెనక కూర్చున్నది ఆయనే, ఆమెకి పని నేర్పిందీ ఆయనే. క్రిస్మస్ నాడు ఎండుచేప కొరికి పై పళ్ళ సెట్టు విరగ్గొట్టుకున్నాడు. మూడు వారాలుగా సూపు తాగి బతుకుతూ, కొత్త పళ్ళ కోసం ఇవాళ బయల్దేరాడు. పళ్ళ డాక్టరుకివ్వడానికి ఎనిమిది కిలోల గడ్డకట్టిన చేప కూడా తెచ్చాడు. ఆయనా చేపా కలిపి తొంభై నాలుగు.

మొత్తం ఏడువందల డెబ్భై ఒకటి తేలింది. తోర్దిస్ మళ్ళీ కూడింది. అంతే వచ్చింది. పెట్టెతో సహా ఆమె డెబ్భై ఏడు. బరువెక్కువైతే ముందు దిగాల్సింది ఉద్యోగి టికెట్ మీద వెళ్ళేవాళ్ళని నియమం. ఆ నియమం చదివి ఆమె ఎంతమందిని దించిందో లెక్కలేదు. స్కేలు పెట్టి, గీత వంకర పోకుండా, తన పేరు కొట్టేసింది. గదిలో అందరూ నేల చూపులు చూశారు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేక రెండో కాపీ రాయడం మొదలుపెట్టింది.

"తప్పు పేరు కొట్టేశావే పిల్లా" అన్నాడు హిల్మార్. "నాది కొట్టు."

"నీ పళ్ళో పెద్దాయనా? ఇవాళ తప్పితే మళ్ళీ ఫిబ్రవరి ఆఖరుకి గానీ డాక్టరు దొరకడు."

"వాఫిల్‌కి పళ్ళెందుకు, కాఫీలో ముంచితే చాలదూ? రెండు విడతల పిండి కలిపావు, ఎవడు తింటాడది?"

"నేను పోతే సంతకం ఎవరు పెడతారు? పెట్టినవాళ్ళు విమానం లేచేదాకా కిందే ఉండాలిగా. రోయ్ కొండ అవతలే ఉన్నాడు."

హిల్మార్ పర్సులోంచి గోధుమరంగుకి తిరిగిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. చేతిరాత పత్రం నింపే శిక్షణ పూర్తిచేసినట్టు సర్టిఫికెట్, 1978. "కంప్యూటరుంటే నన్ను దగ్గరికి రానివ్వదు, నా పాస్‌వర్డ్ పీకి పంతొమ్మిదేళ్ళయింది. కాగితానికి నేను సరిపోతాను. చూసుకో, గడువు తేదీ ఎక్కడా లేదు."

కెప్టెన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చదివాడు. వెలుతురులో పెట్టి చూశాడు. "చెల్లుతుంది" అన్నాడు.

తన బరువు తీసేసిన ఆరువందల తొంభై నాలుగులోంచి కాదు, మొత్తం ఏడువందల డెబ్భై ఒకటిలోంచి తొంభై నాలుగు తీసెయ్యాలని కంగారులో ఉన్న తోర్దిస్‌కి హిల్మారే గుర్తుచేశాడు. ఆరువందల డెబ్భై ఏడు. ఆయన తాపీగా సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, ఆమెని భుజం పట్టి తలుపు బయటికి నెట్టాడు.

కిటికీ పక్క సీటు దొరికింది. ఇంత ఉత్తరాన సూర్యుడు నవంబరు నుంచి సెలవులో ఉన్నాడు కాబట్టి బయట పట్టపగలే మసక. వెలుగుతున్న గదిలో తన బల్లా, తన కుర్చీలో హిల్మారూ స్పష్టంగా కనిపించారు. ప్రొపెల్లర్లు తిరగడం మొదలైంది.

అప్పుడే బల్ల మీది తెర నీలంగా వెలిగింది.

తోర్దిస్ అది చూసింది. ఇంకో నిమిషంలో పత్రం చెల్లదని ఎవరో పరిగెత్తుకొస్తారు, తను దిగాలి, కూతురికి ఫోన్ చెయ్యాలి, అదే పాట పాడాలి. హిల్మార్ కూడా తెర వైపు చూశాడు. కాసేపు అలాగే చూసి, బొచ్చుటోపీ తీసి దాని మీద పెట్టాడు. సరిపోలేదు. లేచి, కోటు విప్పి తెరంతా కప్పేశాడు. ఆ తర్వాత ఒంటి స్వెటర్‌తో మంచులోకి వచ్చి, ఇక కదలమని కెప్టెన్‌కి కనబడేలా చెయ్యెత్తి ఊపాడు.

పంతొమ్మిదేళ్ళలో ఒక్క నియమం దాటని మనిషి కిటికీ తెర కిందికి లాగేసి కళ్ళు మూసుకుంది.

రెండున్నరకి ఆసుపత్రి గదిలో అడుగుపెట్టేసరికి సున్నివా చెమటతో తడిసి ఉంది. నొప్పికీ నొప్పికీ మధ్య కళ్ళు తెరిచి, తలుపు దగ్గరున్న మనిషిని నమ్మలేనట్టు చూసింది.

"అమ్మా! ఎలా వచ్చావు?"

తోర్దిస్ కోటు విప్పి కుర్చీ మీద వేసింది.

"మంచు బాగా పడుతోందమ్మా" అంది. "కంప్యూటర్ కూడా పాడైంది."

సున్నివా నవ్వబోయింది. ఇంతలో మళ్ళీ నొప్పి వచ్చి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.