పలుచ చాళ్ల తుపాకీ

ముసలి వేటగాడు ఓరిన్ టర్లీ తుపాకీ పోటీ మైదానం అవతలి చివరిదాకా నడిచి వెళ్లి, రెట్టా గురి కాగితాన్ని పీకి పట్టుకొచ్చాడు. అందరికీ కనబడేలా ఎండకు ఎత్తి చూపించాడు. రెట్టా పేల్చిన అయిదు తూటాల్లో రెండే కాగితానికి తగిలాయి. ఆ రెండు చిల్లులూ గుండ్రంగా లేవు. తూటా అడ్డంగా పడుకుని తగిలినట్టు పొడుగ్గా చిరిగాయి.

“ఇవి తూటాలా అమ్మాయ్, చిక్కుడు గింజలా?” అన్నాడు ఓరిన్.

అందరికంటే గట్టిగా నవ్వినవాడు రెట్టా వాళ్ల అన్నయ్య క్లీట్. “మా చెల్లి మాంసం పులుసు చేసినట్టే సీసం పోస్తుంది. రెండూ ఉండలు కడతాయి!”

రెట్టా ఆ కాగితాన్ని లాక్కుని మడిచి జేబులో పెట్టుకుంది.

లీవరు లాగి పేల్చే తుపాకులకు సీసం తూటాలు పోసి అమ్మడం వాళ్ల నాన్న ఆన్సెల్ పని. మాంటానాలోని ఆ లోయలో దుప్పి వేటకు వెళ్లేవాళ్లంతా ఆయన తూటాలే కొనేవాళ్లు. వసంతంలో ఆయన పోయాడు. ఒకే పొడుగు, నలభై నాలుగు అనే ఒకే గొట్టం కొలత ఉన్న రెండు తుపాకులూ, వాటితోపాటు చెరొక పోత అచ్చూ మిగిలాయి. “పాతది నేను తీసుకుంటా. కొత్తది నువ్వు తీసుకో. పెద్దవాణ్ణి, ఆ మాత్రం నష్టం నేనే పడతాలే,” అన్నాడు క్లీట్. అవతలివాడు తన నష్టం తానే చెప్పుకుంటున్నప్పుడు బేరానికి చెయ్యి కలపడానికి జేబులోంచి తియ్యకూడదని నాన్న వందసార్లు చెప్పాడు. అన్న కదా అని రెట్టా తీసింది. ధాన్యం గిడ్డంగి ఉద్యోగం మానేసి, పెరట్లో పోత పొయ్యి కూడా పెట్టుకుంది.

శరదృతువు పోటీలో ఎవరి తూటాలు నిలబడితే ఆ ఏడాది వేటకు లోయంతా వాళ్ల దగ్గరే కొంటుంది. పేరు పోతే ఆ పొయ్యి ఆర్పుకోవలసిందే. ఆ సాయంత్రానికి ఓరిన్‌తో సహా తన దగ్గర కొంటామని మాట ఇచ్చినవాళ్లంతా క్లీట్ బల్ల ముందు నిలబడడం రెట్టా కళ్లారా చూసింది.

ఇంటికి వచ్చి కోటైనా విప్పలేదు. తుపాకీ ఖాళీ చేసి, మెత్తని సీసపు ముద్దకు నూనె రాసి గొట్టం మూతిలో పెట్టి, చెక్క కడ్డీతో తట్టుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి తోసింది. బయటికి వచ్చిన ముద్దను దీపం దగ్గర పెట్టి చూసింది. గొట్టం లోపల మెలిక తిరిగిన చాళ్లుంటాయి. తూటాను పట్టుకుని బొంగరంలా తిప్పి వదిలేవి అవే. తిరగని బొంగరం ఎలా పడిపోతుందో తిరగని తూటా కూడా గాల్లో అలాగే పక్కకు పడిపోతుంది. ఆ ముద్ద మీద చాళ్లు చాలానే ఉన్నాయి, కానీ గోటితో గీసినంత పలుచగా. కొలిచి చూస్తే ముద్ద ఆమె పోసిన తూటా కంటే వెంట్రుక వాసి లావు. పాత తుపాకీలోలా లోతు చాళ్లయితే ఆ తేడాను సర్దుకునేవి. ఈ పలుచ చాళ్లకు సన్నని మెత్తని సీసం చిక్కడం లేదు, జారిపోతోంది.

మరి నాన్న ఇదే తుపాకీతో, ఇదే అచ్చులో పోసిన తూటాలతో దుప్పుల్ని ఎలా కొట్టాడు?

అచ్చు చేతిలోకి తీసుకుంది. అద్దంలా మెరుస్తోంది. మెరిసేలా తోమింది ఆమే. నాన్న పోయిన వారానికి, వంటింటి తొట్టి దగ్గర నిలబడి, అచ్చు రెండు చెక్కల మధ్య అంటుకున్న రేకు ముక్కల్ని మడ్డి అనుకుని ఇనప బ్రష్‌తో గీకేసింది. అది మడ్డి కాదు. చెక్కలు పూర్తిగా మూసుకోకుండా, తూటా వెంట్రుక వాసి లావు వచ్చేలా నాన్న అంటించిన అల్యూమినియం టేపు. ఆమె గీకుతున్నంతసేపూ క్లీట్ గుమ్మానికి ఆనుకుని కాఫీ తాగుతూ చూశాడు. “బాగా తోము,” అన్నాడు కూడా.

రెట్టా అచ్చు బల్ల మీద పెట్టింది. టేపు కత్తిరించి అంటించి పొయ్యి వెలిగించింది.

శనివారం దాణా కొట్టు ముందు క్లీట్ బల్ల మీద తూటాల సంచులు పేర్చుకుని కూర్చున్నాడు. చుట్టూ జనం. రెట్టా తుపాకీ చంకలో పెట్టుకుని నేరుగా బల్ల దగ్గరికి వెళ్లింది.

“నేను నాన్న టేపు గీకేస్తుంటే చూశావు కదా అన్నా?”

క్లీట్ నవ్వాడు. “నువ్వు అడగలేదుగా చెల్లీ.”

“అడగాలా? నాన్న చేతిపని మీద ఇనప బ్రష్ పెడుతుంటే, వద్దని చెప్పడానికి నేను అడగాలా?”

“వ్యాపారమన్నాక ఎవరి కళ్లు వాళ్లవే. పలుచ చాళ్ల గొట్టానికి లావు తూటా కావాలని నాకు నాన్న చెప్పాడు. నువ్వెప్పుడైనా ఆ పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడితే నీకూ చెప్పేవాడు.”

“సరే. అయితే వ్యాపారమే చేద్దాం క్లీట్.” అన్నా అనే పిలుపు అక్కడితో సరి.

కొట్టు వెనక కంకర గుంతలో కాగితం పెట్టి అయిదు తూటాలు పేల్చింది. అయిదూ గుండ్రంగా దిగాయి, అన్నిటినీ ఒక్క అరచేత్తో మూయవచ్చు. ఓరిన్ ఒక చిల్లులో వేలు పెట్టి చూశాడు.

“నా తుపాకీలోనూ ఇవి ఇలాగే పోతాయా?”

“తెలీదు మామా. గొట్టం కొలవకుండా చెప్పలేను. పట్టుకురండి. చూశాకే పోస్తాను.”

“నలభై నాలుగంటే నలభై నాలుగే! కొలతలేంటి, పెళ్లి గౌను కుడుతోందా?” అన్నాడు క్లీట్. ఎవరూ నవ్వలేదు.

ఓరిన్ మెల్లగా అతని వైపు తిరిగాడు. “మొన్న నీ సంచీ కొన్నాక నా గొట్టమంతా సీసం అంటుకుంది. రెండు పూటలు గీకాను. తుపాకీ ముసలిదైపోయింది, నాలాగే, అనుకున్నాను. నాదీ కొత్త రకమేరా. చాళ్లను బట్టి తూటా మారాలని నీకు తెలుసన్నావు కదా, ఇప్పుడే?”

“అది… అంటే…”

“తెలిసే అమ్మావా?”

క్లీట్ సంచులు దగ్గరికి లాక్కోబోయాడు. చెల్లెల్ని మోసం చేశానంటే జనం తెలివి అనేవారేమో కాని, తాము కొట్టిన దుప్పి గాయంతో తప్పించుకుపోతుందని తోచేసరికి ఎవరికీ అది తెలివిగా కనబడలేదు. ఓరిన్ మిగిలిన తూటాల సంచీని బల్ల మీద పడేశాడు. వెనక నుంచి ఇంకో రెండు పడ్డాయి.

మధ్యాహ్నానికి రెట్టా బండి వెనక ఊరివాళ్ల తుపాకులు, దేనికి దానికి పేరు చీటీ కట్టి, దుప్పటి మీద వరసగా ఉన్నాయి. క్లీట్ బండి తలుపు పట్టుకున్నాడు.

“చెల్లీ, కలిసి చేద్దాం. కావాలంటే బోర్డు మీద నీ పేరే ముందు పెట్టు. నాన్న ఉంటే ఇదే అనేవాడు.”

“నాన్న ఉంటే నీ చేతిలో కాఫీ కప్పు లాక్కుని నెత్తి మీద పోసేవాడు. చెయ్యి తియ్యి.”

“అంత కోపమైతే ఎలాగే?”

“నీ తుపాకీకీ పోసిస్తాను. పట్టుకురా,” అంది రెట్టా తాళం తిప్పుతూ. “వచ్చి వరసలో నిల్చో.”