లోపలి చొక్కా

నేను ఒక బొంతను. పేరులో దర్జా లేదని నాకూ తెలుసు. కంబళి అంటే అంగడి నుంచి వచ్చిన గౌరవం ఒకటుంటుంది. నేను ఏ అంగడీ ఎరగను. ఒక మనిషి పోయాక, ఆయన విడిచిన బట్టల్లోంచి పుట్టాను.

ఆ మనిషి పేరు మద్దిలేటి. బేతంచెర్లలో నాపరాళ్ళు నునుపు పెట్టే మిషన్ దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. నేను ఆయన్ని చూడలేదు. నాకు తెలిసిందంతా ఆయన నీలం చొక్కా చెప్పిందే. ఆయన రోజూ పనికి వేసుకుపోయిన చొక్కా అది. నీలం అంటున్నాను గానీ, రాతిపొడి పట్టీ పట్టీ బూడిదరంగుకు తిరిగింది. కాలర్ అరిగిపోతే తిరగేసి కుట్టించుకున్నాడు. జేబు కింద బీడీ నిప్పు రాలి శనగగింజంత చిల్లు పడింది. సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉండేవాడు. గడపలో భార్య సుంకులమ్మ చీపురు అడ్డం పెట్టి నిలబడేది.

"దుమ్ము దులుపుకొని రాపో! ఇప్పుడే ఊడ్సినా."

ఆయన వెనక్కి పోయి చొక్కా మీద రెండు చరుపులు చరుచుకొని వచ్చేవాడు. సగం దుమ్ము పోయేది, సగం ఇంట్లోకి వచ్చేది. అది ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఇరవై రెండేళ్ళూ ఒక్కరోజు కూడా ఆ మాట మానలేదు ఆమె.

ఆ పొడే లోపలికి పోయి దగ్గయింది. దగ్గు మంచం పట్టించింది. యాభై నిండకుండానే మద్దిలేటి వెళ్ళిపోయాడు.

పోయినవాళ్ళ గుడ్డలు ఇంట్లో ఉంచుకోకూడదట. పదకొండో రోజు మరిది ఆ బట్టలన్నీ మూటగట్టి బయటికి తీయబోయాడు. సుంకులమ్మ వచ్చి ఆ మూట మీదే కూర్చుంది.

"మనిషిని ఎట్లాగూ మోసుకపోయినారు. గుడ్డలు గూడా మోసుకపోతారా? నా పీనుగు లేసినాక తీసుకపోండి."

మరిది మూట వదిలేసి బయటికి పోయాడు. ఆ మూట అట్లా మిగిలింది కాబట్టే నేను ఉన్నాను.

నెల తిరిగాక ఆమె ఆ మూట ఎత్తుకొని పక్కవీధిలో మాబున్ని ఇంటికి పోయింది. మాబున్ని దూదేకులామె. పరుపులు, బొంతలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. మూట ఆమె ముందు దించి సుంకులమ్మ ఒక్కమాట చెప్పింది.

"సూస్తే ఆయనే కనపడాల మాబున్నక్కా."

ఇంకేదో చెప్పబోయింది. ఏడుపు ముంచుకొచ్చి, కొంగు నోట్లో కుక్కుకొని లేచిపోయింది. ఏది పైన వేయాలో, ఏది లోపల వేయాలో చెప్పనే లేదు.

బొంత కుట్టేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. చివికిన గుడ్డ లోపలికి, గట్టి గుడ్డ పైకి. మెత్తదనమంతా లోపలి పాతగుడ్డదే, పైది పదికాలాలు ఆగాలి. మాబున్ని మూట విప్పింది. పనిబట్టల అడుగున నాలుగు కొత్త చొక్కాలున్నాయి. మడత విప్పని చొక్కాలు, కలరా ఉండల వాసన కొడుతున్నాయి. కూతురు లింగేశ్వరి పెళ్ళిలో వియ్యాలవారు పెట్టిన మెరూన్ రంగు టెరికాట్ చొక్కా ఒకటి, గృహప్రవేశాలకూ పెళ్ళిళ్ళకూ చుట్టాలు పెట్టినవి మూడు. ఆయన ఒక్కటీ తొడగలేదు. "ముందు ముందు ఏసుకుందాంలే" అని పెట్టెలో దాచేవాడట. మనుషులకు ఇదొక జబ్బు. మంచి గుడ్డకు మంచిరోజు రావాలంటారు, ఆ రోజు ఫలానాదని ఎవరూ చెప్పరు.

"అయ్యో, ఎంత మంచి గుడ్డలు దాసుకున్యాడో! మహారాజులాగా కనపడాల" అనుకుంది మాబున్ని. ఆ నాలుగింటినీ నా పైన పరిచింది. నీలం చొక్కా జేబు కత్తిరించడానికి చెయ్యి రాలేదేమో, ఉన్నదున్నట్టు మెరూన్ చొక్కా కింద పరిచింది. అడుగున సుంకులమ్మ పాత చీర వేసింది. నాలుగు రోజులు నామీద కూర్చొని, వేలెడు వేలెడు ఎడంతో వరసలు కుట్టింది. పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేసిందని నేను సాక్ష్యం చెప్పగలను.

అయిదో రోజు సుంకులమ్మ వచ్చింది. మాబున్ని నన్ను చాప మీద పరిచి, పొగడ్త కోసం చూస్తూ నిలబడింది. సుంకులమ్మ ఒంగి ఒక్కో చొక్కా తడిమింది. నన్ను తిరగేసింది. మళ్ళీ తిరగేసింది.

"ఈ సోకులాయన ఎవురక్కా? నేనెరగనే."

"నీ మొగుని గుడ్డలే కదే!"

"ఆయన ఒంటిమీద పడినవి కావు. ఆ నీలం చొక్కా యాడ?"

మాబున్ని మొహం తెల్లబోయింది. "లోపల పెట్టినా సుంకులూ. పాతది కదా అని..."

సుంకులమ్మ గూట్లో ఉన్న బ్లేడు అందుకొని నా అంచు పట్టుకుంది. నా ప్రాణం పోయిందనే అనుకున్నాను. మాబున్ని ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా, నీకు దండం పెడతా. సివికిన గుడ్డ అది. వేలెడుకొక కుట్టు పడింది. ఇప్పుడు దారం లాగితే దారంతో పాటు సొక్కా గూడా పీలికలైతాది. లోపలుంటే ఉంటాది. బయటికి తీస్తే ఉండదు."

సుంకులమ్మ చాలాసేపు ఆ బ్లేడు వంకే చూసింది. కోస్తే ఆయన పోతాడు, కోయకపోతే కనబడడు. చివరికి బ్లేడు గూట్లో పడేసి, నన్ను పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, చంకన పెట్టుకొని ఇంటికి నడిచింది. దారిపొడవునా వెక్కుతూనే ఉంది. మాబున్ని కూడా ఆ పూట అన్నం ముట్టలేదని తరవాత విన్నాను.

మూడేళ్ళు నేను పెట్టె మీద మడత విప్పకుండా పడి ఉన్నాను. ఎంత చలి వేసినా సుంకులమ్మ నన్ను దించలేదు. ఆ తరవాత డోన్‌లో ఉన్న లింగేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. సుంకులమ్మ బాలింతకు సాయం పోతూ నన్ను కూడా తీసుకుపోయింది, అక్కడే ఉండిపోయింది. నా బతుకు అక్కడే మొదలైంది. మనవరాలు భార్గవి నామీద పడుకొని నన్ను తడిపింది, నామీద బోర్లాపడింది, నామీద అన్నం ఒలకబోసింది. లింగేశ్వరి నన్ను ఉతికి మిద్దెమీద ఆరేసేది. వానకు ఇల్లు కారితే నన్నే చుక్క కింద పెట్టేవాళ్ళు, చుట్టాలొస్తే నన్నే కింద పరిచేవాళ్ళు. మహారాజు చొక్కాల మెరుపంతా రెండేళ్ళలో దిగిపోయింది. ఇన్ని జరిగినా సుంకులమ్మ మాత్రం నన్ను ఒక్కసారి కూడా కప్పుకోలేదు. నామీదుగా నడవాల్సి వస్తే చుట్టూ తిరిగిపోయేది. బట్టకు బాధేమిటని మీరనొచ్చు. నాకు బాధగానే ఉండేది. ఆమె వెతికేది నాలోనే ఉంది, చెప్పడానికి నాకు నోరు లేదు.

పద్దెనిమిదేళ్ళు గడిచాయి. కిందటి చలికాలం ఒకరోజు పొద్దున భార్గవి కాలేజీకి తయారవుతూ నన్ను నాలుగు మడతలు పెట్టి, నామీద చున్నీకి ఇస్త్రీ చేస్తోంది. బయట ఎవరో స్నేహితురాలు పిలిచింది. చున్నీ మెడలో వేసుకొని, ఇస్త్రీపెట్టె నామీదే బోర్లించి ఉరికింది. వాసన వచ్చాక గానీ వెనక్కి రాలేదు. పెట్టె ఎత్తేసరికి మెరూన్ టెరికాట్ కరిగి, అరచేతంత చిల్లు పడింది. కింద ఉన్న నూలు గుడ్డ కాస్త ఎర్రబడి ఊరుకుంది.

"బుద్ధుందా నీకు? తాత గుర్తని ఉండేది అదొక్కటే!" లింగేశ్వరి ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది. భార్గవి ఏడుపు లంకించుకుంది.

అరుపులకు సుంకులమ్మ గోడ పట్టుకొని వచ్చింది. అప్పటికే చూపు మందగించింది, ఏం కాలిందో కనబడక, నా పక్కన కూలబడి చేత్తో తడిమింది. వేలు చిల్లులోకి పోయింది. కుట్ల మధ్య ఒక జేబు అంచు తగిలింది. దాని కింద ఇంకో చిన్న చిల్లు, శనగగింజంత.

ఆమె చెయ్యి ఆగింది. వేలు మెల్లగా జేబులోకి దూర్చి మూల దాకా పోనిచ్చింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని రాతిపొడి అక్కడ గడ్డకట్టి ఉంది. గోటితో గీకి తీసి, అరచేతిలో నలిపి, వాసన చూసింది.

"దుమ్ము దులుపుకోకుండనే వచ్చినావా?" అంది. "పర్వాలేదులే. రా."

భార్గవి తరవాత రంగు గుడ్డ తెచ్చి మాసిక వేస్తానంది. ముసలామె వేయనివ్వలేదు. ఇప్పుడు నేను సుంకులమ్మ మంచం మీదే ఉంటున్నాను. ఎవరు అడిగినా ఇవ్వదు, ఉతకడానికి కూడా ఇవ్వదు. బొంత పని చలి ఆపడం. ఆ చిల్లులోంచి చలి దూరుతోందని లింగేశ్వరి పోరుతూనే ఉంది. సుంకులమ్మ ఆ చిల్లును సరిగ్గా గుండెల మీదికి వచ్చేట్టు సర్దుకొని, అందులో చెయ్యి పెట్టుకొని నిద్రపోతుంది.