పొగ పడుకున్న రోజు

క్రేను గదిలో కూర్చుని మాంగనీసు మట్టిని ఓడలోకి ఎత్తుతున్న చలమయ్య మూడోసారి తల బయటపెట్టి రిఫైనరీ గొట్టం వైపు చూశాడు. పొగ పైకి పోవడంలేదు. గొట్టం మూతి దగ్గరే వంగి, మల్కాపురం ఇళ్ళ మీద ఆరేసిన చీరలా పరుచుకుంటోంది. కాలువ నోటి అవతల లంగరేసిన ఓడ నీళ్ళకి జానెడు ఎత్తున తేలుతున్నట్టుంది. గాలి బొత్తిగా లేదు. ఈ మూడూ కలిసొచ్చిన సాయంత్రం తన టీవీలో సముద్రం అవతలి ఢాకా స్టేషను బొమ్మ పడుతుంది. ఆ సంగతి అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏడేళ్ళుగా క్రేను మీంచి చూసి చూసి తెలుసుకున్నాడు.

సంబరపడ్డాడు. ఆ వెనకే భయం పట్టుకుంది. పొగ ఇలా పడుకున్న రోజున వరహాలమ్మకి ఊపిరాడదు.

బొమ్మని తెచ్చే గాలీ, పెళ్ళాం ఊపిరి బిగబట్టే గాలీ ఒకటే కావడం చలమయ్య ఖర్మ. పొగ దిగిన రోజున ఆవిణ్ణి ఆ ఇంట్లో ఉంచొద్దని డాక్టరు మొన్ననే గట్టిగా చెప్పాడు. ఈ పొగ చేరని దువ్వాడలో ఆవిడ అక్క చిట్టమ్మ ఉంది. ఇక అలాంటి రోజొస్తే అక్కడ దిగబెడతానని చలమయ్య మాటిచ్చాడు కూడా.

కానీ వచ్చే వారం ఊళ్ళోనే టీవీ స్టేషను మొదలవుతోంది. దాంతో ఢాకా కథ ముగిసినట్టేనని పాత ఊళ్ళో రేడియోలు బాగుచేసే దావూద్ తేల్చేశాడు. "చెవి పక్కనే మైకు పెడితే ఊరవతల కోయిల ఇనబడుద్దా భాయ్?" అన్నాడు.

"ఏటి బావా, పొగకేసి సూత్తన్నావ్? ఇయ్యాల కూడా దోమల్ని సూత్తావేటి?" కిందనుంచి కూలీ వీర్రాజు అరిచాడు. జట్టంతా నవ్వింది. చలమయ్య టీవీలో తెల్లచుక్కలు తప్ప ఇంకేం రావని రేవంతా నమ్మకం. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, ఇతనికి పొరుగు దేశం బొమ్మ అంత రుచి అని వాళ్ళ వేళాకోళం.

నిజానికి చెప్పుకోదగ్గదేమీ లేని మనిషి అతను. సన్నటి మెడ, చెవి మడతల్లో ఎంత తోమినా పోని నల్ల దుమ్ము, ఇరవయ్యేళ్ళుగా అదే క్రేను, అదే నిచ్చెన. దావూద్ ఇప్పించిన పాత టీవీ, పెరట్లో వెదురు గడకి కట్టిన అల్యూమినియం గొట్టాలు, అతని విలాసమంతా ఇంతే.

అది ఇద్దరి పని. సముద్రపు గాలికి గడ తిరిగిపోతుంది కాబట్టి ఒకరు పట్టుకోవాలి, ఒకరు లోపల చూడాలి. బొమ్మ నిలబడినంతసేపూ లోపలివాళ్ళు పలక్కూడదు, చెదిరితేనే కేకెయ్యాలి. వరహాలమ్మ తన పాత చీర అంచు చింపి గడకి ఎర్ర పీలిక కట్టింది. దాని ముడి వాకిలి వైపుకొస్తే గొట్టాలు ఢాకా కేసి ఉన్నట్టు. గడ పట్టుకునేది ఎప్పుడూ ఆవిడే. వదిలేసి లోపలికి వచ్చేసరికి దోమలే మిగిలేవి. గడ తిరిగిపోయిందని ఇద్దరూ నిట్టూర్చేవారు. ఏడేళ్ళు కాపు కాసిన మనిషి ఒక్కనాడూ బొమ్మ చూడలేదు. ఈ మధ్య అది తల్చుకుంటే చలమయ్యకి సిగ్గుగా ఉంటోంది.

షిఫ్టు దిగగానే సైకిలు ఇల్లు చేరింది. వరహాలమ్మ మంచం మీద రెండు చేతులూ ఆనించి కూర్చుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గొంతులో పిల్లికూతలు వీధిలోకే వినబడుతున్నాయి.

"బేగి లెగు. దువ్వాడ ఎల్లిపోదాం," అన్నాడు.

"పొగ దిగినాది గదా. నీ ఢాకా వత్తాది."

"వత్తే రానీ."

"రేపు పొద్దున్నే ఎల్దాం మామా. ఇయ్యాల నాను లోపల కూకుంతాను. నువ్వు గడట్టుకో."

కాదనబోయి ఆగాడు. తనకీ అదే కావాలి, అదీ నిజం. మాత్ర మింగించి, టీవీ ఎదురుగా గోడకి ఆనుకునేలా కూర్చోబెట్టి, చేతికి విసనకర్ర ఇచ్చాడు.

"ఊపిరందకపోతే కేకెయ్."

"బొమ్మ పోతే గదా కేకెయ్యాల," అని నవ్వబోయి దగ్గింది.

పెరట్లోకి వెళ్ళి ముడి వాకిలి వైపుకి వచ్చేదాకా గడ తిప్పాడు.

"దోమలే," అంది లోపల్నించి. కాసేపటికి, "ఓలమ్మా! వచ్చీసినాది మామా! ఆడమనిసి. సేతిలో కాయితం. నాలాగే బొట్టెట్టుకున్నాది!"

ఆ తర్వాత మాట లేదు.

చలమయ్య రెండు చేతులా గడని కావలించుకుని నిలబడ్డాడు. పిల్లికూతల కోసం చెవులు రిక్కించాడు. టీవీలోంచి వచ్చే అర్థంకాని భాష తప్ప ఏమీ వినబడలేదు. వెళ్ళి చూద్దామా అనుకున్నాడు. వదిలితే బొమ్మ పోతుంది. బొమ్మ ఉంది కాబట్టే కదా ఆవిడ పలకడంలేదు. మాత్ర పనిచేసి ఉంటుంది. తనకి తానే అలా సర్దిచెప్పుకున్నాడు. పది నిమిషాలకి మించి ఎన్నడూ నిలవని ఢాకా ఇవాళ అరగంటయినా నిలిచే ఉంది. చేతులు తిమ్మిరెక్కాయి. వీధి దీపాలు వెలిగాయి. చూడనీ, తనివితీరా చూడనీ అనుకున్నాడు.

"వరాలూ, ఉందా?"

గడ వదలకుండానే వాకిలి వైపు మెడ సాచాడు.

"వరాలూ!"

గడ వదిలేసి లోపలికి పరిగెత్తాడు. వరహాలమ్మ గోడకి ఆనుకుని, కళ్ళు టీవీ మీదే నిలిపి కూర్చుని ఉంది. విసనకర్ర ఒళ్ళోంచి జారి కింద పడింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. టీవీలో బొట్టు పెట్టుకున్న ఆవిడ, ఒక్క దోమ కూడా లేకుండా, ఇంకా ఏదో చదువుతూనే ఉంది.

చలమయ్య దిక్కులేని చూపులు వాకిలి దాటి పెరట్లో పడ్డాయి. గాలి లేదు, ఢాకా వచ్చిన ఏ సాయంత్రమూ లేదు. గడ ఎవరూ పట్టుకోకపోయినా కదల్లేదు, ఎర్ర పీలిక ముడి వాకిలి వైపే ఉంది.